కొలిమి దగ్గర ఉన్నదెవరు

ఉర్సాంజ్, లొరేన్
మార్చి మొదటివారం

ఒరేయ్ ఎలియో,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు. ప్రతి ఆదివారం ఫోను చేసే అక్క కొన్ని వారాలు అదీ మానేసి ఇప్పుడు కలం పట్టిందేమిటా అనుకుంటావు. ఫోనులో నీతో వాదించి గెలిచినవాళ్ళు లేరురా. నేను సగం చెప్పేలోపు పడవ వచ్చిందనో, కాలువ లాకు తలుపులు తీయాలనో చెప్పి పెట్టేస్తావు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

మన ఊరి కొత్త మేయరు సంగతి నీకు చెప్పాను కదా, బయటివాళ్ళను బయటికే పంపుతానని ఓట్లడిగి గెలిచినవాడు. ఇప్పుడు శనివారం సంతలో నాలుగు మూలలా లౌడ్‌స్పీకర్లు పెట్టించాడు. సంత మొదలైందని తెలియడానికి పదింటికి ఒక పాట వేయిస్తున్నాడు. అది మన పాట. ‘కొలిమి దగ్గర ఉన్నదెవరు’. మన ‘రెండో షిఫ్టు’ బ్యాండు మొదటి రికార్డు, నువ్వు డ్రమ్ములు పగలగొట్టింది, నేను ఇరవై ఆరేళ్ళ గొంతుతో అరిచింది. మూడు వీధుల అవతల ఉన్న నా వంటింట్లోకి నా గొంతే వచ్చి పడుతోంది. కిటికీ మూసినా వినబడుతుంది.

అక్కడితో ఆగితే సరే అనుకుందును. పాటలో మూడుసార్లు ఆ ప్రశ్న అడిగి ఊరుకుంటాను చూడు, కచేరీల్లో నేను చెయ్యెత్తగానే జనం తమ ఇళ్ళలో పోయిన ఉక్కుపనివాళ్ళ పేర్లు పిలిచే చోటు. స్టూడియోలో జనం లేరు కాబట్టి రికార్డులో అక్కడ నీ డ్రమ్ము తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలో ఇప్పుడు మేయరు తన గొంతు అతికించాడు. ‘కొలిమి దగ్గర ఉన్నదెవరు’ అని నేను అడుగుతాను. ‘మనవాళ్ళే, ఈ నేల బిడ్డలే’ అని అతను జవాబు చెబుతాడు. ఇటలీ నుంచి చెక్కపెట్టెతో దిగిన మన నాన్న మీద రాసిన పాటరా అది.

మెత్స్‌లో ఒక లాయరమ్మను కలిశాను. మనం ఏ పాటనీ ఎక్కడా మన పేరున రాయించుకోలేదని విని నవ్వింది. ఆపించడానికి దారి ఉందట. కానీ ఆ రికార్డు చేసిన మనం నలుగురం సంతకం పెట్టాలి. ఎలాగూ మన రూలు కూడా అదే. ఒక్క చెయ్యి లేవకపోయినా పని జరగదు, బ్యాండు మానేసినవాడి చెయ్యీ లెక్కలోకే వస్తుంది. ఆ రూలు పట్టుబట్టి పెట్టించింది నువ్వే. స్టాష్ గిటారు కిందపెట్టి మరీ రెండు చేతులూ ఎత్తాడు. నాదిర్ ఎత్తాడు. కొత్త డ్రమ్మరు ఎత్తాడు, వాడొచ్చి పదకొండేళ్ళయినా కొత్తవాడే అనుకో.

నీ చెయ్యి పంపు. పద్ధతి మరిచిపోలేదు కదా, కాగితం మీద అరచెయ్యి ఆనించి చుట్టూ పెన్సిలుతో గియ్యి. రిహార్సలు గది గోడకు నేనే మేకు కొడతాను.

నీ అక్క
ఒర్నెల్లా


వాల్నే లాకు, బుర్గోన్ కాలువ
మార్చి, వాన

అక్కా,

చచ్చినట్టు చివరిదాకా చదివాను. పడవల కాలం ఇంకా మొదలవలేదు కాబట్టి తప్పించుకునే దారి కూడా లేకపోయింది.

నా చెయ్యి రాదు.

కోప్పడకుండా విను. మన ప్రతి రికార్డు అట్ట మీదా ఏముంది? ‘ఈ పాటలు ఎవరి సొత్తూ కావు. ఎవరైనా పాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు.’ అది రాసింది నేను. చదివి నా వీపు మీద చరిచింది నువ్వు. సమ్మె డేరాల్లో మన పాటలకు కొత్త మాటలు కట్టి పాడుకున్నారు, ఎంత పొంగిపోయాం. ‘ఎవరైనా’ అంటే మనకు నచ్చినవాళ్ళు మాత్రమేనా? ఇప్పుడు జడ్జి దగ్గరికెళ్ళి ‘బాబ్బాబు, మా పాట మాకిప్పించండి’ అని నిలబడితే, ముప్పై ఏళ్ళుగా కోర్టుల మీదా పోలీసుల మీదా మనం అరిచిందంతా నోటి దురుసు కింద పోతుంది. మేయరు ఆ రోజు పండగ చేసుకుంటాడు.

అతను మన పాట దొంగిలించలేదు. మనం గుమ్మంలో పెట్టి వెళ్ళాం, ఎత్తుకున్నాడు.

అయినా ఇదంతా నాకెందుకు చెబుతున్నావు? లౌడ్‌స్పీకరు ఎన్ని వాట్లుంటుంది? మన నాన్న కొలిమి హోరులో ఇటు నుంచి అటు పిలిస్తే పలికేవాళ్ళు. ఆ గొంతు నీకొచ్చింది, నాకు చెవిపోటు వచ్చింది. శనివారం వెళ్ళి సంత మధ్యలో నిలబడి ఒక్కసారి నోరు తెరువు. వాడి జవాబు నీ గొంతు కింద నలిగిపోతుంది. ఎప్పుడూ చేసే పనేగా.

ఆదివారం ఫోను చెయ్యి. ఇక్కడ నాకు మాట్లాడ్డానికి లాకు తలుపులు తప్ప ఎవరూ లేరు.

ఎలియో


ఉర్సాంజ్
మార్చి చివర

ఎలియో,

నువ్వు కాలువ గట్టున కూర్చుని సిద్ధాంతాలు కడుక్కుంటున్నావు. నేను ఇక్కడ కూరగాయలు కొనుక్కోవాలి.

ఆలివ్‌లు అమ్మే యమీనా గుర్తుందా? మనం మొదటి కచేరీ చేసిన రోజు, మనల్ని లోపలికి రానివ్వనన్న హాలువాడి మీద గరిటె ఎత్తిన మనిషి. వాళ్ళాయన బెల్కాసెమ్, మన నాన్నతో రెండో షిఫ్టులో పనిచేసి అక్కడే పోయాడు. మొన్న శనివారం ఆవిడ బండి దగ్గర నిలబడి, ఎప్పుడూ కొనే నల్ల ఆలివ్‌ల వైపు వేలు చూపించాను. సరిగ్గా అప్పుడే పాట మొదలైంది. ఆవిడ గరిటె డబ్బాలో పెట్టేసి నా ముఖంలోకి చూసింది.

“ఎంతకమ్ముకున్నావే ఒర్నెల్లా?”

నేను తల అడ్డంగా ఊపాను.

“నీ గొంతే కదా అది? నాకు చెవుడేమీ లేదు. నా మొగుడు ఈ నేల బిడ్డ కాదని నీ నోటితోనే చెప్పిస్తున్నారు. ఒక్క మాట చెప్పు, నాకు తెలీకుండా చేశారని చెప్పు, నమ్ముతాను.”

నేను మళ్ళీ తల ఊపాను. వెనక నిలబడ్డ రొట్టెల కొట్టావిడ అంది, “ఏం చెబుతుందిలే, సిగ్గుతో నోరు పెగలట్లేదు.” యమీనా నా వెనకవాళ్ళ వైపు తిరిగి, “తర్వాత ఎవరమ్మా?” అంది. ఖాళీ సంచీతో ఇంటికొచ్చాను.

ఇప్పుడు శనివారాలు బయటికి వెళ్ళడం లేదు. మిగతా రోజులూ వెళ్ళబుద్ధి కావడం లేదు. శనివారం పదవుతుంటే చాలు, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని కూర్చుంటాను, ఆ మూడు నిమిషాలూ అయ్యేదాకా. నా ఊళ్ళో, నా ఇంట్లో, నా గొంతుకి భయపడి దాక్కుంటున్నాను. నీ రికార్డు అట్ట మీద దీనికేమైనా రాసిపెట్టావా?

చెయ్యి పంపు. అడుక్కుంటున్నాననే అనుకో.

ఒర్నెల్లా


వాల్నే లాకు
ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. యమీనా అన్నదాని గురించి కాదు. నువ్వు అననిదాని గురించి.

పోలీసు వ్యాను ఎక్కించేటప్పుడు కూడా వాళ్ళ కమిషనరుకి వాళ్ళమ్మ వంట గురించి చెప్పినదానివి. నన్ను పెళ్ళికి ఆలస్యంగా వచ్చానని చర్చిలోనే తిట్టావు. అలాంటి మనిషి యమీనా ‘ఒక్క మాట చెప్పు’ అని బతిమాలుతుంటే తల ఊపి ఇంటికొచ్చిందా? ఆలివ్‌లకు వేలు చూపించావట. నువ్వు బేరమాడకుండా ఆలివ్‌లు కొన్న రోజు నా ఎరుకలో లేదు.

స్టాష్ నుంచి కార్డు వచ్చింది. నాంత్‌లో కచేరీ వాయిదా, లీల్‌లో వాయిదా, ఓడరేవు సమ్మెవాళ్ళ కోసం చేద్దామన్నదీ వాయిదా. ‘మీ అక్కకి జలుబు’ అని రాశాడు. శీతాకాలం నుంచీ జలుబా?

అందుకే నిన్న నేనే ఫోను చేశాను. నువ్వు ఎత్తావు. నేను అక్కా అన్నాను, ఒర్నెల్లా అన్నాను, ఏం మాయరోగం అన్నాను. అవతల ఊపిరి వినబడింది, మాట రాలేదు. తర్వాత పెట్టేశావు.

మేయరు సంగతీ కోర్టు సంగతీ పక్కన పెట్టు. నీకేమైందో రాయి. దాచకుండా రాయి, లేకపోతే లాకు వదిలేసి వచ్చేస్తాను, పడవలు ఎక్కడివక్కడ ఆగిపోయి నా ఉద్యోగం పోతుంది, ఆ పాపం నీదే.

ఎలియో


ఉర్సాంజ్
ఏప్రిల్

తమ్ముడూ,

ఫోను మోగితే పాత అలవాటుకొద్దీ ఎత్తాను. నీ గొంతు విని సంతోషపడేలోపే భయమేసింది.

నాకు మాట లేదురా. శీతాకాలంలో గొంతులో ఒక గడ్డ ఉందన్నారు, ఆపరేషన్ చేశారు. గడ్డ మొత్తం పోయింది, మంచివాళ్ళే, శుభ్రంగా తీసేశారు. దానితోపాటు తీయాల్సింది కూడా తీశారు. ముందే చెప్పారు, నేనే సంతకం పెట్టాను. బతుకుతాను. ఇప్పుడు నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు వస్తుంది, ఎదుటివాళ్ళకు అది మాటని తెలియదు. మెడకు రుమాలు కట్టుకుని తిరుగుతున్నాను, ఉర్సాంజ్‌లో అది ఫ్యాషన్ అనుకుంటున్నారు. లాయరమ్మ దగ్గర కూడా కాగితం మీద రాసి చూపించాను.

స్టాష్‌కి తెలుసు. మిగతావాళ్ళకు జలుబు. ఊరికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. చెబితే అయిపోయినట్టే కదా. అరవడం తప్ప నాకేం వచ్చు? నాన్న చేతులతో బతికాడు, నేను దీనితో బతికాను. నేను అరవలేనని తెలిసిన రోజు ‘రెండో షిఫ్టు’ లేదు. స్టాష్‌కి మన బ్యాండు వ్యాను తప్ప ఇల్లు లేదని నీకు తెలుసు.

కాబట్టి నువ్వు ‘వెళ్ళి నోరు తెరువు’ అని రాసినప్పుడు కాగితం చించి పొయ్యిలో వేశాను. నీకు తెలియదుగా, నీ తప్పు కాదు.

ఇప్పుడు అర్థమైందా నా స్థితి? నా గొంతు ఈ లోకంలో ఒక్కచోటే మిగిలింది, ఆ రికార్డులో. అది మేయరు చేతిలో ఉంది. ప్రతి శనివారం వాడికి వంత పాడుతోంది. నేను ఎదురుగా నిలబడి అబద్ధమని కూడా చెప్పలేను. నా నోరు వాడి దగ్గరుంది.

ఒర్నెల్లా


వాల్నే లాకు
మే

అక్కా,

దీనితోపాటు నా చెయ్యి పంపుతున్నాను. కుడిచెయ్యి. చూపుడువేలు వంకర నా గీత వంకర కాదు, లాకు తలుపు తిప్పే చక్రంలో పడి నలిగింది.

అట్ట మీద రాసింది ఇప్పటికీ నమ్ముతాను. నమ్ముతూనే చెయ్యెత్తుతున్నాను. పాట ఎవరిదైనా కావచ్చు, గొంతు నీది. కాదని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు, కాలువలో ముంచి తీస్తాను. లాయరమ్మకు చెప్పు, ఎక్కడ సంతకమంటే అక్కడ పెడతాను.

నాలుగు రోజులుగా ఇది రాద్దామని కూర్చుంటున్నాను, ఏడుపొస్తోంది. పడవల వాళ్ళు చూసి ఉల్లిపాయలు తరుగుతున్నానా అని అడుగుతున్నారు. నిన్ను ‘నోరు తెరువు’ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను కదా.

పడవల కాలం మొదలైంది, అక్టోబరు దాకా ఇక్కడి నుంచి కదలడానికి లేదు. ఎగువ నుంచి ఒకడు, దిగువ నుంచి ఒకడు, నీళ్ళు నింపడం, వదలడం. నీ పక్కన ఉండాల్సిన రోజుల్లో సెలవులకొచ్చిన వాళ్ళ పడవలకు తలుపులు తీస్తున్నాను. మిరబెల్ పళ్ళ సారా సీసా ఒకటి, ఇటుగా వచ్చిన స్టాష్ చేత పంపిస్తున్నాను, గొంతు దిగుతుందో లేదో డాక్టరును అడిగి తాగు.

నీ తమ్ముడు


ఉర్సాంజ్
జూన్

ఎలియో,

నీ చెయ్యి అందింది. గోడకు కొట్టాను. అందరి చేతులూ లేచాయి, లాయరమ్మ కాగితాలు సిద్ధం చేసింది, సోమవారం సంతకాలనుకున్నాం. తర్వాత నా చెయ్యి నేను దించేశాను. రూలు ప్రకారం పని ఆగిపోయింది. తిట్టబోకు, విను.

ఆ ముందు శనివారం స్టాష్ పొద్దున్నే వచ్చి తలుపు బాదాడు. “కుళాయి దగ్గర కూర్చున్నది చాలు. నువ్వు పాడకు. ఊరికే వచ్చి నిలబడు. నిన్ను చూస్తే చాలు, లేకపోతే దాక్కుందనుకుంటారు,” అన్నాడు. నన్ను దాదాపు ఈడ్చుకెళ్ళాడు. రుమాలు కట్టుకుంటుంటే లాగేశాడు. మెడ మీద కుట్ల గాటు అందరికీ కనబడేలా సంతలోకి నడిచాను. నాకు చచ్చేంత సిగ్గేసింది.

లౌడ్‌స్పీకరు దగ్గర కూర్చునేది ఎవరనుకున్నావు? జెరాల్డ్. మన తొలి కచేరీకి టిక్కెట్లు చింపినవాడు, ఇప్పుడు మేయరు మనిషి. నన్ను చూసి తల దించుకున్నాడు, కానీ పదవగానే మీట నొక్కాడు. నేను యమీనా బండి ముందు నిలబడ్డాను. ఆవిడ మూతి బిగించుకుని గాటు చూసింది. నేను ఆ గాటు మీద వేలు పెట్టి, నోరు తెరిచి, అంతా చెప్పాను. గాలి వచ్చింది. ఆవిడ ముఖం మారిపోయింది.

“అయ్యో పిచ్చిదానా,” అంది. “నేనేమో...”

అప్పుడే మొదటి ప్రశ్న వచ్చింది. నా గొంతు అడిగింది, నీ డ్రమ్ము మొదలైంది, మేయరు జవాబు చెప్పాడు. అమ్మేవాళ్ళు బంగాళాదుంపలు తూస్తూనే ఉన్నారు.

రెండో ప్రశ్న వచ్చేసరికి, ఎలియో, నా చెయ్యి లేచిపోయింది. అనుకుని ఎత్తలేదు. అలవాటురా, ఆ చోటు రాగానే భుజం దానంతటది లేస్తుంది. నేను చెయ్యెత్తి నిలబడ్డాను, నోరు మూసుకుని. యమీనా నా చేతివైపు చూసింది. గరిటె పట్టుకునే అరిచింది. “బెల్కాసెమ్.” ఒక్క గొంతు, ముసలిది. మేయరు గొంతు దాని మీదుగా వెళ్ళిపోయింది. చీజు అమ్మేవాడు తక్కెడ ఆపి ఇటు తిరిగాడు.

మూడోసారి మేయరు వినబడలేదు. నిజం చెబుతున్నాను, నాలుగు స్పీకర్లున్నా వినబడలేదు. స్టాష్ కజిమిర్ అన్నాడు, వాళ్ళ మామయ్య పేరు. చేపలబండి వెనక నుంచి ఎవరో శాల్వతోరె అన్నారు. ముహాంద్. తదేయుష్. రొట్టెల కొట్టావిడ వాళ్ళ తాత పేరు పిలిచి ఏడ్చింది, ఆయన స్పెయిన్ నుంచి వచ్చాడని ఆరోజే తెలిసింది నాకు, ఓటు మాత్రం మేయరుకే వేసింది. జెరాల్డ్ చెయ్యి మీట మీదే ఉంది, ఆపేయొచ్చు. ఆపలేదు. ఆ ఖాళీ అయిపోయేదాకా ఆగి, టోపీ తీసి, అప్పుడు పాట తగ్గించాడు. యమీనా నా సంచీ నిండా ఆలివ్‌లు పోసింది, వద్దన్నా వినదు, వద్దనడానికి నాకు నోరేది.

తర్వాతి శనివారం సంతలో అకార్డియన్ వాల్ట్జ్ వేశారు, మాటల్లేని డాన్సు బాణీ. ఇప్పటికీ అదే. మన పాట మళ్ళీ రాలేదు. కోర్టులో గెలిచినా ఆ శనివారం ఆ పేర్లు లేచేవి కావు. నువ్వు అట్ట మీద రాసింది అలాగే ఉండనీ. అందుకే చెయ్యి దించాను.

ఊళ్ళో నన్ను చూసి నవ్వుతున్నారు, కొట్లలో నా కోసం పలక పెట్టారు రాసి చూపించడానికి. స్టాష్, నాదిర్ పాడటం నేర్చుకుంటున్నారు, భరించలేకుండా ఉంది. నేను బాగుండాలి కదా?

ఏం లేదురా. శనివారం పదవుతుంది. కిటికీ తెరుచుకుని కూర్చుంటాను. వాల్ట్జ్ వస్తుంది. నేను గెలిచాను, నా గొంతు పోయింది. అసహ్యించుకుంటూనే దానికోసం వారమంతా ఎదురుచూశానని ఇప్పుడు తెలుస్తోంది. నా దగ్గరున్న రికార్డు వేసుకోవచ్చు, కానీ ఒక్కదాన్నే గదిలో కూర్చుని నన్ను నేను వినలేను.

ఇంకొకటి. ఆరోజు అన్ని పేర్లు విన్నాను, నాన్న పేరు వినలేదు. ఎప్పుడు విన్నాం? ఆయన పోయాక ఏ కచేరీలోనూ ఎవరూ పిలవలేదు. పిల్లలిద్దరూ వేదిక మీదే ఉన్నారు, వాళ్ళే పిలుస్తారనుకుని ఉంటారు. నేను చెయ్యెత్తి జనానికి మైకు చాచేదాన్ని, నువ్వు వాయించేవాడివి. ఇప్పుడు పిలుద్దామంటే నా వల్ల కాదు.

శనివారం పదింటికి ఫోను చెయ్యి. ఎత్తుతాను, మాట్లాడను. నీ దగ్గరున్న రికార్డు వెయ్యి. ఆ చోటు వచ్చినప్పుడు నువ్వు పిలు.

ఒర్నెల్లా


వాల్నే లాకు
శనివారం

అక్కా,

ఫోను పెట్టేసి వెంటనే రాస్తున్నాను.

నేను బ్యాండు ఎందుకు మానేశానో నువ్వు ఏనాడూ అడగలేదు. చెవుల గురించి అనుకున్నావు, నేనూ అదే చెప్పాను. నాన్నను పూడ్చిపెట్టాక ఆ ఏడాదంతా, ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా, కర్రలు ఆడిస్తూనే ఆయన పేరు కోసం చెవి పెట్టేవాణ్ణి. ప్రతి ఊళ్ళో అందరి నాన్నలూ వచ్చేవాళ్ళు, మన నాన్న రాడు. నేను పిలిస్తే లయ తప్పుతుంది. ఒక రోజు ఇక కూర్చోలేకపోయాను.

ఇవాళ రికార్డు వేసి ఫోను స్పీకరుకు ఆనించాను. కింద ఒక డచ్చివాళ్ళ పడవ తలుపులు తీయమని హారన్ కొడుతోంది. కొట్టుకోనిచ్చాను. మొదటిసారి నా నోరు పెగల్లేదు. రెండోసారి పిలిచాను, నాకే వినబడనంత చిన్నగా. మూడోసారి బార్తొలొ అని కొలిమి అవతలికి వినబడేంత గట్టిగా అరిచాను. పడవవాళ్ళు హారన్ ఆపేశారు.

పాట అయిపోయాక ఫోను చెవికి పెట్టుకున్నాను. ఏడుస్తున్నావేమో అనుకున్నాను. నువ్వు గోరుతో రిసీవరు మీద కొడుతున్నావు. పాట చివర నేను వాయించే నాలుగు దెబ్బలు, వరసగా, మళ్ళీ మళ్ళీ. లయ ఎక్కడా తప్పలేదు.

వచ్చే శనివారం పదింటికి పడవలు ఆగుతాయి. గేటు మీద బోర్డు కట్టేశాను.

ఎలియో